వ్యాగన్లు మలుపులో పడిపోతున్నాయ్, ఏం చేయాలి?

ప్రశ్న: సార్, మా బాబు కోసం హెచ్‌ఓ స్కేల్ బొమ్మ రైలు ఇంజన్, ఆరు గూడ్స్ వ్యాగన్లు, ఒక స్టేషన్ కిట్ కొన్నాం. ఇంజన్ ఒక్కటే అయితే చక్కగా తిరుగుతుంది, వ్యాగన్లు తగిలిస్తే మాత్రం మలుపు దగ్గర పట్టాలు తప్పుతున్నాయి. వాడు ఏడుపు మొహం పెడుతున్నాడు.
- ఓ తల్లి, పెరంబూర్, చెన్నై

జవాబు: రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్ పక్కనే ఉండి మీ ఇంట్లో రైలు ఆగిపోతే ఎలా అమ్మా! ముందు వ్యాగన్ బరువు చూడండి, నాకైతే అనుమానం అక్కడే. హెచ్‌ఓ అంటే అసలు రైల్లో 87వ వంతు, దానికి అమెరికా మోడల్ రైళ్ల సంఘం లెక్క ఏంటంటే 28 గ్రాములు, దానిపైన పొడవు అంగుళానికి 14 గ్రాములు, అంటే 6 అంగుళాల వ్యాగన్ దాదాపు 112 గ్రాములు ఉండాలి, వంటింటి త్రాసులో పెట్టి చూడండి, తక్కువుంటే లోపల నేల మీద మధ్యలో రెండు ఇనుప నట్లు అతికించండి, పైన కాదు, పైన బరువు పెడితే ఇంకా పల్టీ కొడుతుంది.

తర్వాత పట్టాల అతుకు మీద గోరు పెట్టి మెల్లగా లాగండి. తగిలిందంటే చక్రం కూడా అక్కడే ఎక్కుతోందన్నమాట.

స్టేషన్ కిట్‌కి క్విక్ గ్లూ వద్దు, తెల్లటి పొగ మరకలు పడతాయి, ప్లాస్టిక్ సిమెంట్ అనే ప్లాస్టిక్ మోడళ్లు అతికించే జిగురే వాడండి. ప్లాట్‌ఫామ్ అతికించే ముందు మీ దగ్గరున్న అన్నిటికంటే పొడవైన బండిని పక్కనుంచి ఒకసారి నడిపించి చూడండి, మలుపులో దాని నడుము లోపలికి, మూలలు బయటికి వచ్చి ప్లాట్‌ఫామ్‌కి తగలొచ్చు. అది బాబు చేతే చేయించండి.