సాంకేతిక సందేహాలు: క్లౌడ్‌లో ఫ్లోటింగ్ ఐపీ ఎందుకు కదలదు?

ప్రశ్న: శీతల గిడ్డంగుల బుకింగ్ కోసం మేము నడిపే వెబ్‌సైటుకు క్లౌడ్‌లో రెండు సర్వర్లు అద్దెకు తీసుకున్నాము. ఒకటి ఆగిపోతే రెండవది అందుకునేలా సైటు చిరునామా అయిన ఫ్లోటింగ్ ఐపీని ఒక సర్వరు నుంచి మరొకదానికి మార్చే కీప్‌అలైవ్‌డీ అనే ప్రోగ్రాము పెట్టాము. ఇదే అమరిక మా కార్యాలయంలోని రెండు యంత్రాల మీద చక్కగా పనిచేసింది. క్లౌడ్‌లో మాత్రం రెండవ సర్వరు తాను మాస్టర్ (పని చూసే ప్రధాన సర్వరు) అయినట్టు లాగ్‌లో రాస్తోంది, ఐపీ దాని ఇంటర్‌ఫేస్ మీద కనిపిస్తోంది, అయినా సైటు తెరుచుకోవడం లేదు. లోపం ఎక్కడ ఉంది? – గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ కాన్ఫిగరేషన్ మీ కార్యాలయపు నెట్‌వర్క్‌కు సరిపోయేదే, క్లౌడ్ నెట్‌వర్క్‌లో ఆ ఐపీ మీద పెత్తనం మీ సర్వర్లది కాదు, సేవను అద్దెకిచ్చిన సంస్థది. కీప్‌అలైవ్‌డీ వాడే వీఆర్ఆర్‌పీ అనే ప్రోటోకాల్ 1998లో రూటర్ల కోసం ప్రమాణంగా వెలువడింది. అందులో మాస్టర్‌గా ఉన్న యంత్రం మామూలుగా సెకనుకొకసారి 224.0.0.18 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి అనేక యంత్రాలకు చేరే) చిరునామాకు ‘నేను ఉన్నాను’ అని ప్రకటన పంపుతూ ఉంటుంది. దాదాపు మూడు ప్రకటనల కాలం పాటు ఏమీ వినిపించకపోతే బ్యాకప్ (వేచి ఉండే సర్వరు) ఆ స్థానం తీసుకుంటుంది; దాని ప్రయారిటీ (ఎవరు మాస్టర్ కావాలో తేల్చే ప్రాధాన్య సంఖ్య) 100 అయితే ఆ నిరీక్షణ లెక్కకు 3.6 సెకన్లు. అలా తీసుకున్న వెంటనే ‘ఈ ఐపీ ఇప్పుడు నా మ్యాక్ అడ్రసు దగ్గర ఉంది’ అని, ఐపీని మ్యాక్ అడ్రసుకు, అంటే నెట్‌వర్క్ కార్డు చిరునామాకు, జతచేసే ఏఆర్‌పీ సందేశాన్ని అందరికీ పంపుతుంది. మీ కార్యాలయంలోని స్విచ్చి, రూటరు ఆ మాటను నమ్మి తమ పట్టికలను దిద్దుకుంటాయి.

క్లౌడ్‌లో ఈ మాటను నమ్మేవారు సాధారణంగా ఉండరు. ఏ ఐపీకి వచ్చిన ప్యాకెట్లు (డేటా ముక్కలు) ఏ సర్వరుకు చేరాలో ఆ సంస్థ నియంత్రణ వ్యవస్థలోని పట్టిక నిర్ణయిస్తుంది. అద్దెదారులలో ఒకరు మరొకరి ఐపీని లాక్కోకుండా ఉండాలంటే అలా ఉండక తప్పదు కూడా. కనుక మీ రెండవ సర్వరు ఐపీని తన ఇంటర్‌ఫేస్ మీద తగిలించుకున్నా, బయటి ప్యాకెట్లు ఇంకా మొదటి సర్వరుకే వెళుతున్నాయి. రెండవ సర్వరులో వచ్చే ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ నడుపుతూ మీ ఫోను నుంచి సైటును తెరవడానికి ప్రయత్నించండి. ఒక్క ప్యాకెట్ కూడా కనబడకపోతే సమస్య ఇదే. అలాగే లాగ్‌ను కాస్త పైకి జరిపి, మొదటి సర్వరును ఆపకముందే రెండవది మాస్టర్ అయినట్టు రాసిందేమో చూడండి. మల్టీకాస్ట్‌ను అనుమతించని నెట్‌వర్క్‌లలో రెండు సర్వర్లూ ఒకదాని ప్రకటన మరొకదానికి వినిపించక, మొదటి నిమిషం నుంచే రెండూ మాస్టర్లుగా కూర్చుంటాయి.

చేయవలసిన మార్పులు రెండు. మొదటిది, ప్రకటనలు మల్టీకాస్ట్‌కు బదులు యూనికాస్ట్‌లో (నేరుగా ఒక్క యంత్రానికే) వెళ్లేలా రెండు సర్వర్ల ప్రైవేటు ఐపీలను ఒకదానిలో మరొకటి పీర్‌గా (జత సర్వరుగా) నమోదు చేయాలి. ఫైర్‌వాల్‌లో వీఆర్ఆర్‌పీని కూడా అనుమతించాలి. ఇది టీసీపీ, యూడీపీల మీద నడిచేది కాదు, దీని ప్రోటోకాల్ సంఖ్య 112, అందువల్ల పోర్టు నంబరు కోసం వెతికి ప్రయోజనం లేదు. రెండవది, మాస్టర్ అయిన క్షణాన కీప్‌అలైవ్‌డీ ఒక స్క్రిప్టును నడపాలి, ఆ స్క్రిప్టు సంస్థవారి ఏపీఐని (ప్రోగ్రాములు ఆదేశాలు పంపే మార్గాన్ని) పిలిచి ‘ఈ ఫ్లోటింగ్ ఐపీని నాకు కేటాయించు’ అని అడగాలి. మాస్టర్ ఎవరో కీప్‌అలైవ్‌డీ తేలుస్తుంది, ఐపీని కదిలించేది ఏపీఐ.

ఆ స్క్రిప్టు విషయంలో తొందరపడకండి. ఏపీఐ ‘సరే’ అన్నంత మాత్రాన పని అయినట్టు కాదు. చాలా సంస్థలలో ఆ జవాబుకు అర్థం అభ్యర్థన వరుసలో చేరిందని మాత్రమే. పని పూర్తయ్యేదాకా స్థితిని మళ్లీ మళ్లీ అడుగుతూ, విఫలమైతే కొద్ది విరామంతో తిరిగి ప్రయత్నించేలా రాయాలి. సర్వరులో దాచే, ఏపీఐకి చూపే రహస్య సంకేతమైన టోకెన్‌కు ఐపీ కేటాయింపు ఒక్కటే చేయగల పరిమిత హక్కు ఇవ్వడానికి వీలుంటే అంతే ఇవ్వండి. ఇంకొక చిక్కు సాధారణంగా అవసరం పడిన రోజునే బయటపడుతుంది: బయటికి వెళ్లే ప్యాకెట్లకు ఫ్లోటింగ్ ఐపీనే మూల చిరునామాగా పెట్టి ఉంటే, రెండవ సర్వరు పంపిన ఏపీఐ పిలుపుకు జవాబు మొదటి సర్వరు వైపు వెళ్లిపోతుంది, ఎందుకంటే ఐపీ ఇంకా అక్కడే ఉంది. కనుక ఈ పిలుపు ఎప్పుడూ సర్వరు సొంత ఐపీ నుంచే వెళ్లాలి.

ఐపీని సర్వరు ఇంటర్‌ఫేస్ మీద రాయాలా వద్దా అన్నది సంస్థను బట్టి మారుతుంది. హెట్జ్‌నర్‌లో ఫ్లోటింగ్ ఐపీకి వచ్చిన ప్యాకెట్ అదే చిరునామాతో సర్వరుకు చేరుతుంది, కాబట్టి రెండు సర్వర్లలోనూ దానిని ముందే నెట్‌వర్క్ కాన్ఫిగరేషన్‌లో రాసి ఉంచవచ్చు. అమెజాన్ ఎలాస్టిక్ ఐపీ అలా కాదు. బయటి చిరునామాను సర్వరు ప్రైవేటు ఐపీగా మార్చి పంపుతారు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు బయటి ఐపీ తెలియనే తెలియదు, దానిని ఇంటర్‌ఫేస్ మీద రాయడం వృథా. డిజిటల్ ఓషన్ 2022లో తన ఫ్లోటింగ్ ఐపీలకు రిజర్వ్‌డ్ ఐపీలని పేరు మార్చింది. అక్కడ ట్రాఫిక్ ప్రతి సర్వరుకూ ఉండే యాంకర్ ఐపీ మీదకు వస్తుంది. ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వరు ప్రోగ్రామును ఒక్క బయటి ఐపీకే కట్టేసి ఉంచినవారు ఈ తేడాను తప్పక చూసుకోవాలి.

ప్రశ్న: పై పద్ధతిలోనే మేము ఏపీఐతో ఐపీని మారుస్తున్నాము. ఒకరోజు రెండు సర్వర్ల మధ్య ప్రైవేటు నెట్‌వర్క్ కాసేపు తెగి మళ్లీ కలిసింది. ఆ తరువాత మొదటి సర్వరు తానే మాస్టర్ అంటోంది, ఐపీ మాత్రం రెండవ సర్వరు దగ్గరే ఉండిపోయింది. ఇదెలా సాధ్యం? – హైదరాబాదు నుంచి ఒక పాఠకురాలు

జవాబు: జరిగిన క్రమాన్ని చూస్తే వింత ఏమీ లేదు. తెగినప్పుడు రెండవ సర్వరుకు ప్రకటనలు అందక అది మాస్టర్‌గా మారి, స్క్రిప్టు నడిపి, ఐపీని తెచ్చుకుంది. మొదటిది అంతసేపూ మాస్టర్‌గానే ఉంది. నెట్‌వర్క్ కలిసాక ఎక్కువ ప్రయారిటీ గల మొదటిదాన్ని చూసి రెండవది బ్యాకప్‌గా దిగిపోయింది. మొదటిదాని స్థితి మాత్రం ఏ క్షణంలోనూ మారలేదు. స్థితి మారినప్పుడే నడిచే స్క్రిప్టు, మారని చోట నడవదు కనుక ఐపీని వెనక్కి అడిగినవారే లేరు.

ఇందుకోసమే కీప్‌అలైవ్‌డీలో, మాస్టర్‌గా ఉన్న సర్వరుకు తనకన్నా తక్కువ ప్రయారిటీ గల ప్రకటన వినిపించినప్పుడు నడిచే ప్రత్యేక నోటిఫై స్క్రిప్టుకు వీలు కల్పించారు. దానిని పెట్టండి. దానితో పాటు, నిమిషానికొకసారి ‘నేను మాస్టర్‌నా, ఐపీ నా దగ్గరే ఉందా’ అని ఏపీఐని అడిగి సరిదిద్దే చిన్న పనిని, నిర్ణీత వేళలకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టడం నా దృష్టిలో ఇంకా నమ్మదగినది, ఎందుకంటే ఒక సంఘటన తప్పిపోయినా తరువాతి నిమిషంలో అది పట్టుకుంటుంది.

అయితే అసలు ప్రమాదం ఐపీది కాదు, డేటాది. క్లౌడ్ సంస్థ ఒక ఐపీని ఒకేసారి ఇద్దరికి ఇవ్వదు, కాబట్టి చిరునామా వరకు రెండు మాస్టర్ల పోరు మిమ్మల్ని ముంచదు. కానీ రెండు సర్వర్లలోనూ డేటాబేసు ఉండి, మాస్టర్ అయిన ప్రతిదీ తన డేటాబేసును రాతలకు తెరిచే ఏర్పాటు చేసి ఉంటే, తెగిన ఆ కాసేపట్లో కొన్ని రాతలు ఒక వైపు, కొన్ని మరో వైపు పడతాయి. వాటిని తరువాత చేత్తో కలపవలసిందే. ఇద్దరి మధ్య తగవును ఇద్దరే తేల్చుకోలేరు. డేటాబేసు నాయకత్వ నిర్ణయాన్ని మూడు సభ్యులలో ఎక్కువ మంది మాటతో నిర్ణయించే ఈటీసీడీ వంటి వ్యవస్థకు అప్పగించి, మూడవదాన్ని చిన్న సర్వరు మీద, వీలైతే వేరే భవనంలో పెట్టండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు వాడుతుంటే పాట్రోనీ ఈ పనికే ఉంది.

రెండు సర్వర్లనూ బ్యాకప్ స్థితితోనే మొదలుపెట్టి, నోప్రీఎంప్ట్ అని రాస్తే, కోలుకున్న సర్వరు వెంటనే ఐపీని వెనక్కి లాక్కోదు. అనవసరమైన రెండవ అంతరాయం తప్పుతుంది. సర్వరు సరిగా ఉందా అని చూసే హెల్త్‌చెక్ స్క్రిప్టులో ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న డేటాబేసును మాత్రం పరీక్షించకండి. అది ఆగితే రెండు సర్వర్లూ ఒకేసారి అనర్హమవుతాయి, ఐపీ ఎటు మారినా ఫలితం ఉండదు.

ప్రశ్న: మా మొదటి సర్వరు అమెజాన్ ముంబై రీజియన్‌లో ఉంది. రెండవదాన్ని హైదరాబాదు రీజియన్‌లో పెట్టి, ఎలాస్టిక్ ఐపీని అవసరమైనప్పుడు అక్కడికి మార్చుకోవచ్చునా? – విశాఖపట్నం నుంచి ఒక పాఠకుడు

జవాబు: మార్చుకోలేరు. 2022 నవంబరు నుంచి హైదరాబాదు రీజియన్ అందుబాటులో ఉన్నా, ఎలాస్టిక్ ఐపీ ఏ రీజియన్‌లో తీసుకున్నారో అక్కడికే పరిమితం. ముంబైలోనే రెండు వేర్వేరు అవైలబిలిటీ జోన్‌ల (విడివిడి డేటా కేంద్రాల) మధ్య మాత్రం నిక్షేపంగా మార్చవచ్చు. నగరాలు దాటాలంటే రెండు దారులున్నాయి: టీటీఎల్ (చిరునామాను గుర్తుంచుకునే గడువు) 60 సెకన్లు ఉంచి, సైటు పేరును ఐపీగా మార్చే డీఎన్ఎస్‌ను హెల్త్‌చెక్‌తో నడపడం, లేదా మారని రెండు ఎనీకాస్ట్ (అనేక చోట్ల నుంచి ఒకేలా ప్రకటించే) ఐపీలను ఇచ్చే గ్లోబల్ యాక్సిలరేటర్ తీసుకోవడం. మొదటిది చవక, కానీ టీటీఎల్‌ను లెక్కచేయని రిజాల్వర్లు (పేరుకు ఐపీని వెతికే సర్వర్లు), పాత చిరునామాను పట్టుకు వేలాడే యాప్‌లు ఉండనే ఉంటాయి. రెండవదానికి గంటల లెక్కన రుసుము కట్టాలి, పోయే డేటాకు అదనం. మీ వినియోగదారులు కొన్ని నిమిషాల అంతరాయాన్ని సహించగలవారైతే మొదటిదే చాలు.