సర్పంచును దొంగను చేసే ముందు

తిరుపతి

చిరంజీవికి,

నీ కథ అందింది. చదువుతుంటే కోపం వచ్చింది. అది చల్లారకముందే ఇది రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ఊళ్లో సబ్ సెంటర్, అదే ఆరోగ్య ఉపకేంద్రం, కట్టడానికి వచ్చిన గ్రాంటు మొత్తం సర్పంచు బ్యాంకులో డ్రా చేసి, సూట్‌కేసులో సర్దుకుని బెంగళూరు పారిపోయాడని రాశావు. ఏ కాలంలో ఉన్నావబ్బాయ్? పంచాయతీ డబ్బుకి ఇప్పుడు ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్ ఉంది. కార్యదర్శి బిల్లు పెట్టాలి, సర్పంచు డిజిటల్ సంతకం చేయాలి, ఆ తర్వాత డబ్బు నేరుగా పని చేసినవాడి ఖాతాలో పడుతుంది. దొంగతనం జరగదని నేననను. అది కొలతల్లో జరుగుతుంది. కట్టని గోడకి ఎం-బుక్కులో, అంటే ఇంజనీర్లు పని కొలతలు రాసే పుస్తకంలో, రాసిన క్యూబిక్ మీటర్లలో జరుగుతుంది. దాని గురించి రాయాలంటే ఎం-బుక్కు చూసుండాలి. సూట్‌కేసు రాయడానికి సినిమా చూస్తే చాలు.

పైగా అది సర్పంచు ఇష్టం వచ్చినట్టు ఖర్చుపెట్టే డబ్బూ కాదు. 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. మిగిలిన 40 శాతంలోంచి జీతాలివ్వకూడదంది. ఆరోగ్యానికని స్థానిక సంస్థలకి వేరుగా 70,051 కోట్లు సిఫారసు చేసింది, దేశం మొత్తానికి, ఐదేళ్లకి. సొంత భవనం లేని సబ్ సెంటర్లకి భవనాలు ఆ పద్దులోవి. పేరు స్థానిక సంస్థలదే, ఎక్కడ ఎంతలో కట్టాలో చూసుకునేది మాత్రం పై శాఖలు. మన రాష్ట్రంలో వాటికి విలేజ్ క్లినిక్‌లని పేరు పెట్టి, ఆ పని పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ వాళ్లకి అప్పజెప్పారు. చాలాచోట్ల సర్పంచుకి దక్కింది కొబ్బరికాయ కొట్టడమే. బిల్లులు పడక స్లాబు దగ్గరే ఆగిపోయినవి మీ పలమనేరు వైపు బస్సులో పోతూ కిటికీలోంచి చూసినా కనిపిస్తాయి. వాటిలో ఒకదాని కాంట్రాక్టరు దగ్గరికెళ్లి కూర్చుని ఉంటే నీ సూట్‌కేసు అప్పుడే చిత్తుకాగితాల్లోకి పోయేది.

ప్రభుత్వ డబ్బు గురించి కథ రాసేవాడు ఆ డబ్బు ఏ బల్ల మీద ఎన్నాళ్లు ఆగిందో ముందు రాసుకోవాలి. పాత్రలు, సంభాషణలు తర్వాత. దీని మీద నాతో వాదించొద్దు, చాలామంది వాదించి విసిగిపోయారు.

నేను మండల పరిషత్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న రోజుల్లో ఒకావిడ తల్లిదండ్రులు లేని పిల్లల కోసం ఒక హోమ్ నడిపేది. గ్రాంటు రెండు విడతలు. మొదటిదానికి యూసీ, అంటే డబ్బు దేనికి వాడారో చెప్పే వినియోగ ధ్రువపత్రం, ఇస్తేగానీ రెండోది రాదు. యూసీ మీద ఆడిటరు సంతకం ఉండాలి, ఆడిటరుకి రశీదులు కావాలి. సంతలో వంకాయలమ్మే ముసలామె రశీదు ఎక్కడ్నుంచి తెస్తుంది? ఈవిడ తెల్లకాగితాల మీద వాళ్ల వేలిముద్రలు వేయించుకొచ్చేది. ఆడిటరు ఒప్పుకోలేదు. ఈలోగా మార్చి 31 దాటింది, నిధులు మురిగిపోయాయి. ఆవిడ గాజులు కుదువపెట్టి బియ్యం కొన్నది. ఆ ఫైలు మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా లంచం అడిగినవాడు ఒక్కడూ లేడు. అందరూ రూలు ప్రకారమే నడుచుకున్నారు.

దాన్ని కథగా రాసి ఒక వారపత్రికకి పంపాను. "యూసీ, పద్దు, ఆడిట్ ఇవన్నీ తీసేసి ఆమె కన్నీళ్లు పెంచండి. పాత కక్ష ఏదైనా కలిపితే సీమ కథలా ఉంటుంది" అని ఎడిటరు గారి జవాబు. మన వైపు నుంచి కథ వెళ్లిందంటే కరువో కత్తో ఉండి తీరాలి వాళ్లకి. నేను మార్చలేదు, వాళ్లు వేయలేదు. ఆ మహానుభావుడే తర్వాత ఒక సభలో తెలుగు కథకి వాస్తవికత తగ్గిపోతోందని బాధపడ్డాడు. ముందు వరసలో కూర్చుని విన్నాను.

ఇప్పుడు ఫ్యాషన్ మారింది, వాక్యానికొక యాస మాట ఉండాలట. నీకూ ఆ జబ్బు అంటింది. నీ కథలో సబ్ సెంటరు నర్సు, ఆ ఏఎన్ఎం, మెడికల్ ఆఫీసరుతో కూడా "ఆడికి పోతా ఉండా" అంటుంది. ఇంట్లో అంటుంది సరే. ఆయన ముందు "ఇండెంట్ పెట్టాను సార్, ఇంకా రాలేదు సార్" అంటుంది. ఒకే మనిషి రెండు రకాలుగా మాట్లాడటం నీకు వినపడాలి.

అద్దె రాలేదని ఇంటామె సబ్ సెంటరు నడిచే గదికి తాళం వేస్తే, ఐస్ ప్యాకులు కరిగేలోపు టీకాలన్నీ అయిపోవాలని ఆ అమ్మాయి వీధి అరుగు మీద కూర్చుని పిల్లల పేర్లు గట్టిగా పిలుస్తుందే, ఆ పేజీ బాగుంది. దాన్ని ముట్టుకోకు.

దాని తర్వాత రావాల్సింది సంతకం. 2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చినప్పుడు సబ్ సెంటరుకి ఏటా 10,000 రూపాయలు అన్‌టైడ్ ఫండ్ అన్నారు, అక్కడి చిల్లర అవసరాలకి వాడుకునే డబ్బు. ఏఎన్ఎంకీ సర్పంచుకీ కలిపి జాయింటు ఖాతా. ఫినాయిలు కొనాలన్నా, విరిగిన బల్ల బాగు చేయించాలన్నా ఇద్దరి సంతకాలూ పడాలి. ఆ కాలంలోకి జరిపి చూడు నీ కథని. సర్పంచు మహిళ అనుకో. తోతాపురి కోతల సీజను. మొగుడు ట్రాక్టరేసుకుని బంగారుపాళెం వైపు గుజ్జు ఫ్యాక్టరీ ముందు లైనులో ఉన్నాడు. ఆయన వస్తేగానీ ఆమె సంతకం పెట్టదు, పెట్టే ధైర్యం లేదు. ఏఎన్ఎం గడపలో నిలబడి ఉంది. ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో ఒక చెక్కు. ఇందులో విలన్ ఎవరో నాకు తెలీదు, నీకూ తెలియనక్కర్లేదు, రాస్తూ పో.

చివర కలెక్టరు చేత అన్నీ సరిచేయించావు. కలెక్టరాఫీసులో సోమవారం ఫిర్యాదులు తీసుకునే గ్రీవెన్సులో ఇచ్చిన అర్జీకి నంబరు వేసి సంబంధిత ఆఫీసుకే పంపుతారు. అంటే నీ ఏఎన్ఎం ఎవరి మీద చెప్పుకుందో వాళ్ల బల్ల మీదికే అది దిగుతుంది. మర్నాడు రివ్యూ మీటింగులో ఆమెను ఎవరు ఎలా చూశారు? టెన్షనంతా అక్కడుంటే నువ్వు పూలదండతో ముగించావు.

పోటీలకి పంపనా అని అడిగావు. బహుమతి కథల సంగతి నా దగ్గర ఎత్తకు, బీపీ పెరుగుతుంది.

తిరగరాసి పంపు. వాట్సాప్‌లో పీడీఎఫ్ వద్దు, ఫోనులో అక్షరాలు నాకు ఆనవు. కాగితం మీద, ఒకవైపే, మార్జిను వదిలి. ఎం-బుక్కు ఎప్పుడూ చూడలేదంటే ఇంజనీరుగా రిటైరైన స్నేహితుడొకాయన మా వీధిలోనే ఉన్నాడు, చూపించి వివరంగా చెబుతాడు. వచ్చే ముందు ఫోను చెయ్యి, మధ్యాహ్నం పూట మాత్రం వద్దు.