కుండీ మట్టికి నెల రోజులు టైమివ్వు తమ్ముడూ

తమ్ముడూ, గాజువాకలో మీ అమ్మగారి డాబా తోట చూస్తూ పెరిగానన్నావు, కాబట్టి మట్టి సంగతి నీకు కొత్త కాదు. మీ ఆవిడ నరాల నొప్పికి డాక్టరు కాగితం ఇచ్చారు కదా, ఆ మందు కోసం కెనడాలో మీ ఇంట్లోనే గంజాయి మొక్కని ఆర్గానిక్‌గా పెంచుకుంటే నెలనెలా కొనే ఖర్చు తగ్గుతుందా అని అడిగావు. తగ్గుతుంది. మా ఇంట్లో తగ్గింది. కానీ మొదటి ఏడాదే సామాను మీద డబ్బు తగలేస్తే ఆ మిగులు ఎన్నేళ్లకీ కంటికి కనపడదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

రూల్స్ రెండు ముక్కల్లో చెప్తా. 2018 అక్టోబరు 17 నుంచి కెనడాలో ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. మనిషికి నాలుగు కాదు, ఇంటికి. క్యూబెక్‌లో అదీ లేదు. వైద్యం కోసమైతే హెల్త్ కెనడాలో, అంటే అక్కడి ఆరోగ్య శాఖలో, రిజిస్టర్ చేసుకోవాలి. డాక్టరు రోజుకి ఎన్ని గ్రాములు రాశారో దాన్నిబట్టి మొక్కల లెక్క వస్తుంది. మిగతాదంతా వాళ్ల సైటులో ఉంది, చదువుకో. అద్దె ఇల్లయితే లీజు, సొంతిల్లయితే ఇన్సూరెన్సు పాలసీ కూడా బయటికి తీసి చూడు. రేపు పైపు పగిలి క్లెయిమ్ పెడితే, చెప్పకుండా మొక్కలు పెంచారని పేచీ పెట్టే అవకాశం ఉంది.

ఇక అసలు విషయం. మా వారికి కాగితం వచ్చిన కొత్తలో నాకు ధీమా ఎక్కువ. కంచరపాలెంలో మా నాన్న వంగ మొక్కల మొదట్లో గుప్పెడు వేప పిండి, గుప్పెడు ఎముకల పొడి వేసి నీళ్లు పోసేవారు, విరగకాసేవి. అదే లెక్కలో నేను కూడా వేప పిండి, ఎముకల పొడి, ఎండిన రక్తం పొడి చేతికొచ్చినంత కలిపేసి, మర్నాడే మొలకలు నాటేశాను. నేల వేరు, కుండీ వేరు. నేలలో ఎక్కువైంది వానకి కిందికి పోతుంది, వేరు కూడా పక్కకి తప్పుకుంటుంది. గదిలో ఉన్న కుండీలో ఎక్కడికీ పోదు. పచ్చి పిండిని సూక్ష్మజీవులు కుళ్లబెట్టేటప్పుడు వేడి పుడుతుంది, అమ్మోనియా వస్తుంది. చెయ్యి లోపలికి పెడితే మట్టి గోరువెచ్చగా ఉంది, ముక్కు మూసుకోవాల్సిన వాసన. ఆకులు నల్లపచ్చగా మెరిసి, కొసలు గద్ద గోళ్లలా కిందికి వంగి, చివర్లు మాడిపోయాయి.

ఆ ఫొటో పట్టుకుని ఒక దుకాణానికి వెళ్తే, బలం చాలలేదని చెప్పి మూడు రకాల ఎరువు సీసాలు అంటగట్టారు. అవి పోశాక ఉన్న మొలకలు కూడా పోయాయి. బలం తక్కువైతే అడుగు ఆకులు పసుపు పచ్చబడతాయి, ఎక్కువైతే ముదురు పచ్చగా మారి కొసలు వంగుతాయి. ఈ తేడా అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నాకు వందల డాలర్లు మిగిలేవి. రూపాయల్లోకి మార్చుకుని చూస్తే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నీకు చెప్పడానికి నేనున్నాను, కాబట్టి ఆ సీసాల వరస దగ్గర ఆగకు.

మట్టి ఇలా కలుపు. కొబ్బరి పొట్టు గానీ పీట్ (బురద నేలల్లో కుళ్లిన నాచు) గానీ ఒక వంతు, బాగా మాగిన కంపోస్టు, వానపాముల ఎరువు కలిపి ఒక వంతు, పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల రాతి గుళికలు) ఒక వంతు. ఇలా కలిపిన 28 లీటర్ల మట్టికి అర కప్పు వేప పిండి, అర కప్పు సముద్రపు నాచు పొడి, అర కప్పు పీత చిప్పల పొడి చాలు. పీట్ పులుపు ఎక్కువ, దానికి ఆల్చిప్పల పొడి కూడా అర కప్పు వెయ్యి. తాంబూలం సున్నం వేద్దామనుకునేవు, వద్దు, పీహెచ్ (మట్టి పులుపు, క్షారం కొలత) ఒక్కసారిగా ఎగిరిపోతుంది. పీహెచ్ 6 దాటి 7 లోపు ఉంటే వేరు తిండి తీసుకోగలుగుతుంది. కొబ్బరి పొట్టు మాత్రం కడిగినదే కొను, కడగనిదాంట్లో ఉప్పు ఉంటుంది. ఇదంతా తడిపి, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేంత తేమ ఉంచి, మూత వదులుగా పెట్టి నెల రోజులు వదిలెయ్యి. వారానికోసారి తిరగెయ్యి. వేడి తగ్గి, తడిసిన అడవి నేల వాసన వచ్చాకే మొక్క పెట్టు. మీ వయసు వాళ్లకి ఈ నెల రోజులు ఆగడమే కష్టం. కానీ ఇందులో పైసా ఖర్చు లేనిది ఇదొక్కటే.

జీవామృతం చేస్తానన్నావు. మన దగ్గర పొలానికి అది మంచిదే. అపార్టుమెంటులో పేడ, మూత్రం, బెల్లం పులియబెడితే ఇంటి ఓనరు మర్నాడే తలుపు కొడతాడు. పైగా ఇది మనిషి మందుగా వాడే పువ్వు, పచ్చి పేడ దరిదాపుల్లో ఉండకూడదు. ఆముదం పిండి కూడా వద్దు. అందులో విషం ఉంటుంది, అక్కడ పక్కింటి కుక్క వాసన చూసి తిన్నా ప్రమాదమే. ఈ మొక్క మట్టిలో ఉన్న సీసం, కాడ్మియం లాంటి లోహాలను బాగా లాగేసుకుంటుంది కాబట్టి ఊరూ పేరూ లేని చౌక ఎరువుల జోలికి పోకు. ఎంత పొదుపు చేసినా ఆ ఒక్కచోట చెయ్యకు. పువ్వు వచ్చాక వేప నూనె స్ప్రే చెయ్యొద్దు.

నేను ఇప్పుడు సెలవుకొచ్చి విశాఖలోనే ఉన్నా. ఇక్కడ నర్సరీల్లో వేప పిండి కిలోల లెక్కన అమ్ముతుంటే, అక్కడ చిన్న ప్యాకెట్టుకి మనమిచ్చే డాలర్లు తలుచుకుని ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. అలాగని సూట్‌కేసులో వేసుకెళ్లాలనుకోకు, మట్టి, ఎరువులు సరిహద్దులో పట్టుకుంటారు. దానికన్నా కలిపిన మట్టిని పారెయ్యకుండా ఉంచుకో. కోత అయ్యాక మొదలు కోసేసి వేళ్లు అందులోనే వదిలెయ్యి, పైన రెండు వేళ్ల మందాన వానపాముల ఎరువు, కొంచెం వేప పిండి వేసి మళ్లీ మాగనివ్వు. మా ఇంట్లో ఏళ్ల తరబడి అదే మట్టి. వానపాముల డబ్బా కూడా ఇంట్లో పెట్టుకోవచ్చు. టీ పిప్పి, అరటి తొక్కలు, కూరగాయల చెత్త వెయ్యి, నూనె, ఉప్పు తగిలిన కూరలు వెయ్యకు.

కరెంటు దగ్గర కూడా డబ్బు మిగుల్తుంది. పెరిగేటప్పుడు 18 గంటల వెలుతురు కావాలి, పూతకి 12 గంటలు చాలు. నువ్వూ ఒంటారియోలోనే ఉన్నావు, వాడే వేళని బట్టి రేటు మారే టైమ్ ఆఫ్ యూజ్ ప్లానైతే మామూలు రోజుల్లో రాత్రి ఏడు నుంచి పొద్దున ఏడు వరకు రేటు తక్కువ. పూత దశలో లైటు సరిగ్గా ఆ పన్నెండు గంటలే వెలిగించు. లైసెన్సు ఉన్న వాళ్ల దగ్గర వైద్యం కోసం కొన్న గింజల రసీదులు దాచు, ట్యాక్స్‌లో వైద్య ఖర్చు కింద చూపించొచ్చు. లైట్లు, మట్టి దాంట్లోకి రావు.

చివర్లో మీ అమ్మగారి మోకాళ్లకి ఆ మొక్కతో కొంచెం నూనె చేసి ఇండియాకి తెస్తానని రాశావు. వద్దు. కెనడా దాటి ఎటు తీసుకెళ్లినా నేరమే, డాక్టరు కాగితం ఉన్నా సరే. డల్లాస్‌లో మీ బావ దగ్గరికి వెళ్లినా అంతే. ఇక్కడ ఇండియాలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం, అంటే మత్తుమందుల చట్టం ఉంది, మొక్క పెంచినా పదేళ్ల దాకా జైలు. పాడేరు, చింతపల్లి వైపు గంజాయి కేసుల వార్తలు చూస్తూ పెరిగినవాడివే కదా. మీ అమ్మగారిని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఎముకల డాక్టరుకి చూపించు, నువ్వు దానికి డబ్బు పంపు. మొక్కల ఫొటోలు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకు.