లోక్‌సభకు పోటీ చేయాలనుకునే మాజీ సైనికులకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. ఆ ఊరొక్కటే కాదు, కోనసీమ లంకల్లోనూ భీమవరం చుట్టుపక్కలా సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. పార్లమెంటుకు పోటీ చేయాలనుకునే అలాంటి వారి నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. వీటిలో ఎక్కువ భాగం కాగితాల గురించే. దేశం కోసం ఇరవై ఏళ్లు పనిచేసినవారు ఒక్క సంతకం సరిగా లేక వెనుదిరగకూడదని మా పట్టుదల.

ప్రశ్న: మరో నాలుగు నెలల్లో సుబేదారుగా రిటైరవుతున్నాను. ఇప్పుడు సెలవు మీద ఊరొచ్చాను. ఒక పార్టీవాళ్లు సభకు రమ్మంటున్నారు. వేదిక ఎక్కకుండా జనంలో కూర్చుంటే ఇబ్బందేమైనా ఉందా? (రాజోలు)

జవాబు: వెళ్లొద్దండీ. 1954 నాటి ఆర్మీ రూల్స్‌లో 20వ నిబంధన రాజకీయ సభకు హాజరవడాన్నే నిషేధించింది. వేదిక మీదా కిందా అన్న తేడా లేదు. పార్టీలో చేరడం, చందా ఇవ్వడం, అభ్యర్థినని ప్రకటించుకోవడం కూడా దాని కిందికే వస్తాయి. మీ పేరు ఇతరులు ప్రకటిస్తుంటే ఊరుకున్నా తప్పే. కాబట్టి ‘మన ఊరి సుబేదారు గారే కాబోయే ఎంపీ’ అని అభిమానులు ఫ్లెక్సీ కడితే ముందు దాన్ని దింపించండి. డిశ్చార్జికి ముందు సెలవులో ఉన్నా, చివరి రోజు వరకూ మీరు ఆర్మీ యాక్ట్ కిందే ఉంటారు. నేవీ, ఎయిర్ ఫోర్స్ వాళ్లకూ ఇలాంటి నిబంధనలే ఉన్నాయి.

డిశ్చార్జి అయ్యాక ఎన్నాళ్లు ఆగాలని చాలామంది అడుగుతున్నారు. చట్టంలో అలాంటి గడువేమీ లేదు. మర్నాడే పార్టీలో చేరవచ్చు. అయితే డిశ్చార్జి బుక్‌లో విడుదలకు కారణం ఏం రాశారో చూసుకోండి. అవినీతి వల్లగానీ, దేశం పట్ల విధేయత తప్పినందుకుగానీ డిస్మిస్ అయినవారు ఆ తేదీ నుంచి అయిదేళ్లు పోటీకి అనర్హులు. వేరే కారణంతో డిస్మిస్ అయి ఇంకా అయిదేళ్లు నిండకపోతే, ఆ రెండు కారణాలూ కావని ఎన్నికల సంఘం ఇచ్చే ధ్రువపత్రం నామినేషన్‌తోపాటే పెట్టాలి. అది లేకపోతే నామినేషన్ చెల్లదు.

ప్రశ్న: సర్వీసులో ఉన్నన్నాళ్లూ పోస్టల్ బ్యాలెట్ వచ్చేది. ఓటరుగా ఉన్నట్టేగా? (పాలకొల్లు)

జవాబు: ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. సర్వీసులో ఉండగా మీరు ఫారం 2 ద్వారా సర్వీస్ ఓటరుగా నమోదయ్యారు. ఆ పేర్లు ఓటర్ల జాబితా చివరి భాగంలో విడిగా ఉంటాయి. రిటైరయ్యాక ఆ నమోదు తొలగిపోతుంది. ఊళ్లోని మామూలు జాబితాలోకి పేరు దానంతటదే రాదు. ఫారం 6 నింపి మీ పోలింగ్ బూత్ స్థాయి అధికారి (బీఎల్వో)కి ఇవ్వాలి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టాలి. మీతోపాటు కంటోన్మెంట్లలో ఉంటూ సర్వీస్ ఓటరుగా నమోదైన మీ భార్యకూ ఇది వర్తిస్తుంది.

ఓటరు కానివారు లోక్‌సభకు పోటీ చేయలేరు. నామినేషన్ల చివరి రోజు దాటితే ఆ ఎన్నిక ముగిసేదాకా జాబితాలో మార్పులుండవు. విచారణకూ అభ్యంతరాలకూ సమయం పడుతుంది కనుక ఆఖరి వారంలో దరఖాస్తు పెడితే లాభం లేదు. పింఛను కాగితాలు చేతికొచ్చిన నెలలోనే ఫారం 6 ఇచ్చేయండి. రికార్డుల్లో ఇంటిపేరు చివర ఉండి, ఆధార్‌లో ముందు ఉండటం మనవాళ్లలో మామూలే. ఓటరు జాబితాలో ఎలా ఉందో నామినేషన్‌లోనూ అలాగే రాయండి.

ప్రశ్న: నా ఓటు అమలాపురంలో ఉంది. నేను ఎస్సీని కాను. ఇక్కడి నుంచి లోక్‌సభకు నిలబడవచ్చా? (అమలాపురం)

జవాబు: అమలాపురం లోక్‌సభ స్థానం ఎస్సీలకు కేటాయించినది కనుక కుదరదు. అయితే లోక్‌సభకు పోటీ చేసేచోటే ఓటుండాలన్న నియమం లేదు. ఓటు అమలాపురంలోనే ఉంచుకుని నరసాపురం, కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరుల్లో ఎక్కడైనా పోటీ చేయవచ్చు. మీ పేరున్న ఓటర్ల జాబితా భాగానికి ధ్రువీకరించిన నకలు తీసుకుని, నామినేషన్‌తోగానీ, అధికారి నామినేషన్లను పరిశీలించే సమయంలోగానీ ఇవ్వాలి.

ప్రశ్న: పార్టీ టికెట్టు కోసం తిరగడం ఇష్టం లేదు. ఇండిపెండెంట్‌గా దిగితే ఎలా ఉంటుంది? (మండపేట)

జవాబు: మీ ఆత్మాభిమానాన్ని గౌరవిస్తాం. కానీ లెక్క చూడండి. లోక్‌సభ స్థానమంటే ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, పద్నాలుగు పదిహేను లక్షల ఓటర్లు, పదిహేను వందలకు పైగా పోలింగ్ కేంద్రాలు. కేంద్రానికొక ఏజెంటు చొప్పున చూసినా పదిహేను వందల మంది నమ్మకస్తులు కావాలి. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ దక్కుతుంది. పన్నెండు లక్షల ఓట్లు చెల్లాయనుకుంటే రెండు లక్షలు దాటాలి. మాజీ సైనికుల కుటుంబాలన్నీ కలిసి ఓటేసినా అన్ని ఓట్లు రావు.

సైన్యం నుంచి లోక్‌సభకు చేరిన పేరున్నవాళ్లు ఎలా చేరారో చూడండి. మేజర్ జనరల్ బి.సి. ఖండూరి 1991లో గఢ్వాల్ నుంచి, జనరల్ వి.కె. సింగ్ 2014లో ఘజియాబాద్ నుంచి, కల్నల్ రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ అదే ఏడాది జైపూర్ రూరల్ నుంచి గెలిచారు. ముగ్గురూ పార్టీ టికెట్టు మీదే. మన తెలుగువారిలో, ఎయిర్ ఫోర్స్ ఫైటర్ పైలట్‌గా పనిచేసిన ఉత్తమ్ కుమార్ రెడ్డి ముందు అసెంబ్లీకి పలుమార్లు గెలిచి, 2019లో నల్గొండ నుంచి లోక్‌సభకు వెళ్లారు. సామాన్య జవానుకు అనుసరించదగ్గది ఈ చివరి దారేనని మా అభిప్రాయం. నీటి సంఘం, పంచాయతీ, జడ్పీటీసీ... వీటిలో ఏదో ఒకచోట అయిదేళ్లు పనిచేయండి. యూనిఫాం చూసి జనం గౌరవిస్తారు, దారిస్తారు. ఓటు మాత్రం తమ పనికి వెంట నడిచినవాడికే వేస్తారు.

ఏం మాట్లాడాలన్నదీ ముఖ్యమే. కాలువలు ఎప్పుడు కట్టేస్తారు (నీళ్లు ఎప్పుడు ఆపుతారు), మురుగు డ్రెయిన్లలో గుర్రపుడెక్క ఎవరు తీస్తారు అన్నవి రాష్ట్ర జలవనరుల శాఖ చూసే పనులు. ఎంపీ అభ్యర్థి వాటిపై మాటిస్తే నెరవేర్చే అధికారం ఆయన చేతిలో ఉండదు. కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను, 216వ నంబరు జాతీయ రహదారి, ఎండు కొబ్బరి మద్దతు ధర, పోలవరం నిధులు... ఇవి ఢిల్లీలో తేలేవి. ఒక్కోదాని మీద ఫైలు ఏ మంత్రిత్వ శాఖలో ఆగిందో కనుక్కుని మాట్లాడండి. రికార్డులు చదవడం అలవాటైన సైనికుడికి ఈ పని కష్టం కాదు.

అయినా ఇండిపెండెంట్‌గానే దిగుతానంటే నామినేషన్‌కు 10 మంది ప్రతిపాదకులు (మీ పేరు ప్రతిపాదిస్తూ సంతకం చేసేవారు) కావాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికైతే ఒక్కరు చాలు. ఆ పదిమందీ అదే లోక్‌సభ స్థానం ఓటర్లై ఉండాలి. డెల్టాలో పొరపాటు ఇక్కడే జరుగుతుంది. సఖినేటిపల్లి నుంచి పంటు ఎక్కితే నరసాపురం రేవు ఎంతో దూరం లేదు. కానీ సఖినేటిపల్లి అమలాపురం స్థానంలో ఉంది, అవతలి ఒడ్డు నరసాపురం స్థానంలో ఉంది. యానాంలోని బావగారి ఓటైతే పుదుచ్చేరి స్థానంలో ఉంటుంది. పదిమందిలో ఒక్కరు అటువారైనా నామినేషన్ పోతుంది. అభ్యర్థి నాలుగు సెట్ల దాకా వేయవచ్చు కనుక కనీసం రెండు సెట్లు వేర్వేరు ప్రతిపాదకులతో వేయండి. వేలిముద్ర వేసేవారైతే అధికారి ఎదుటే వేయాలి.

డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. నగదుగా ఇవ్వాలి లేదా ట్రెజరీ చలానా తీయాలి. చెక్కు తీసుకోరు. వేళలు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే. ఆస్తులు, అప్పులు, కేసుల వివరాలిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు. ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయాలి. గీత గీసినా, ఖాళీ వదిలినా అధికారి నోటీసిస్తారు, సరిచేసి ఇవ్వకపోతే తిరస్కరిస్తారు. నామినేషన్ ఇచ్చాక, పరిశీలన తేదీకి ముందే ప్రమాణం చేయాలి. కాగితాలిచ్చిన వెంటనే అక్కడే చేసేయడం మేలు.

ఇంకొక్క మాట. ఇండిపెండెంట్‌గా గెలిచాక ఏదైనా పార్టీలో చేరితే రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం సభ్యత్వం పోతుంది.

ప్రశ్న: బ్యాలెట్ మీద యూనిఫాంలో ఉన్న ఫొటో పెట్టుకోవచ్చా? పోస్టర్ల మీద? (తణుకు)

జవాబు: బ్యాలెట్‌కు కుదరదు. 2 సెంటీమీటర్ల వెడల్పు, 2.5 సెంటీమీటర్ల ఎత్తు, మామూలు దుస్తులు. యూనిఫాం, టోపీ, నల్ల కళ్లద్దాలు ఉండకూడదు. గత మూడు నెలల్లో తీసినదై ఉండాలి. పోస్టర్ల విషయానికొస్తే, రక్షణ సిబ్బంది ఫొటోలనూ వారు పాల్గొన్న కార్యక్రమాల ఫొటోలనూ ప్రచారంలో వాడొద్దని ఎన్నికల సంఘం 2013లోనూ, మళ్లీ 2019 మార్చిలోనూ పార్టీలకు చెప్పింది. తోటి జవాన్లతో దిగిన పాత ఫొటో కూడా పెట్టకండి. హోదా రాసుకుంటే పేరు తర్వాత ‘రిటైర్డ్’ అని ఉండాలి. ప్రతి పోస్టరు అడుగున ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా తప్పనిసరి. లైసెన్సు తుపాకీ ఉన్నవారు షెడ్యూలు వెలువడగానే పోలీస్ స్టేషన్‌లో కనుక్కుని, అడిగితే అప్పగించి రసీదు తీసుకోండి.

ప్రశ్న: రిటైరయ్యాక ప్రభుత్వ బ్యాంకులో గార్డుగా చేస్తున్నాను. రాజీనామా చేయాలా? పింఛను పోతుందా? (కొత్తపేట)

జవాబు: రాజీనామా చేయాలి. లేఖ ఇస్తే సరిపోదు, ఆమోదించిన ఉత్తర్వు పరిశీలన తేదీకి ముందే చేతిలో ఉండాలి. సైనిక పింఛను పోదు. అది ఉద్యోగం కాదు, చేసిన సేవకు హక్కుగా వచ్చేది. ఎంపీ జీతంతోపాటు వస్తూనే ఉంటుంది. టెరిటోరియల్ ఆర్మీలో ఉండటం కూడా అనర్హత కాదు, 1959 నాటి పార్లమెంటు (అనర్హత నివారణ) చట్టం దాన్ని మినహాయించింది. కాంట్రాక్టు పనులు చేసేవారు ఒకటి గమనించాలి. లోక్‌సభకు అడ్డొచ్చేది కేంద్ర ప్రభుత్వంతో ఉన్న సరఫరా, నిర్మాణ కాంట్రాక్టు. రాష్ట్ర ప్రభుత్వ కాలువ పనులు అసెంబ్లీ పోటీకి అడ్డు.

ప్రశ్న: ఖర్చు లెక్కలు పింఛను ఖాతాలోనే చూపించవచ్చా? (ముమ్మిడివరం)

జవాబు: కూడదు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల కోసమే కొత్త ఖాతా తెరవాలి. భార్యతో ఉమ్మడిగా ఉన్న పింఛను ఖాతా దీనికి పనికిరాదు. ఎన్నికల ఏజెంటుతో ఉమ్మడిగా తెరవవచ్చు. ఖర్చంతా అందులోంచే జరగాలి. ఎన్నిక మొత్తమ్మీద ఒకరికి నగదుగా 10,000 రూపాయలకు మించి ఇవ్వకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. ఫలితం వచ్చాక 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి లెక్కలు ఇవ్వాలి. ఓడిపోయామని చాలామంది దీన్ని వదిలేస్తారు. సరైన కారణం చూపకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హులుగా ప్రకటించవచ్చు. అప్పుడు ఆ మధ్యలో అసెంబ్లీ ఉప ఎన్నిక వచ్చినా నిలబడలేరు.