బీరువాలో దొరికిన సీడీలు తెరవడం ఎలా

దేవరకొండ,
ఆదివారం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న నువ్వు బస్సులోంచి ఫోను చేసినప్పుడు సగం మాటలు ఆ చప్పుడులోనే పోయాయి. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. మీ బడి బీరువాలో పాత సీడీలు దొరికాయనీ, వాటిలో బొమ్మల పాఠాలున్నాయనీ, ఒక్కటీ తెరుచుకోవడం లేదనీ చెప్పావు. బడిలో నెట్ లేదు కాబట్టి, నెట్ లేకుండా పనిచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ పేరు చెప్పమన్నావు. పేరు చెప్పడం ఒక్క నిమిషం పని. కానీ దానికంటే ముందు నువ్వు చేయాల్సిన పని ఒకటుంది. అది చేయకపోతే నేను పది పేర్లు చెప్పినా నీకు ఉపయోగపడవు.

యానిమేషన్, అంటే కదిలే బొమ్మ, అన్నది ఒకే రకం ఫైలు కాదమ్మా. సంతకు వెళ్ళి గింజలు కావాలంటే, వడ్లా, జొన్నలా, కందులా అని అడుగుతారు కదా. ఇదీ అంతే. ముందు నీ దగ్గరున్నది ఏ రకమో తేల్చుకోవాలి. విండోస్‌లో ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలు మామూలుగా కనిపించవు. ఫోల్డర్ తెరిచి, పైన వ్యూ అనే చోటికి వెళ్ళి, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ దగ్గర టిక్ పెట్టు. అప్పుడు ప్రతి ఫైలుకూ దాని ఇంటిపేరు కనిపిస్తుంది.

ఆ ఇంటిపేరు కూడా ఒక్కోసారి తప్పుగా ఉంటుంది, ఎవరో మార్చి ఉంటారు. అలాంటప్పుడు నేను చేసే పని చెబుతాను. ఫైలు మీద కుడి బటన్ నొక్కి, నోట్‌ప్యాడ్‌తో తెరువు. తెరనిండా పిచ్చి గీతలు, గుర్తులు వస్తాయి, కంగారు పడకు. మొట్టమొదటి రెండు మూడు అక్షరాలు మాత్రం చూడు. ఎఫ్‌డబ్ల్యూఎస్ అనో, సీడబ్ల్యూఎస్ అనో, జెడ్‌డబ్ల్యూఎస్ అనో ఉంటే అది ఫ్లాష్ అనే పాత బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో చేసిన ఎస్‌డబ్ల్యూఎఫ్ ఫైలు. జీఐఎఫ్ అని మొదలైతే జిఫ్ బొమ్మ. ఎఫ్‌ఎల్‌వీ అని ఉంటే వీడియో. ఎం, జెడ్ అనే రెండు అక్షరాలతో మొదలైతే అది బొమ్మ కాదు, నొక్కగానే నడిచే ప్రోగ్రాం. దాని సంగతి తర్వాత చెబుతాను. చూశాక ఏమీ సేవ్ చేయకుండా మూసెయ్యి. సేవ్ చేస్తే ఫైలు పాడైపోతుంది.

ఆ కాలపు పాఠాల సీడీలు కాబట్టి, నీ దగ్గరున్నవి చాలావరకు ఎస్‌డబ్ల్యూఎఫ్‌లే అయి ఉంటాయి. అప్పట్లో బొమ్మల పాఠమంటే ఫ్లాషే. అడోబీ కంపెనీ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌ను ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ఆ ప్లేయరే ఫైళ్ళను నడపడం మానేసింది. నీ సీడీల్లో లోపమేమీ లేదు, వాటిని చదివే యంత్రం పోయిందంతే. ఇది గుర్తుంచుకుంటే ఇంకో మేలు కూడా ఉంది. ఇప్పుడు ఎక్కడైనా ఫ్లాష్ ప్లేయర్ ఉచితంగా ఇస్తామని కనిపిస్తే దాని జోలికి వెళ్ళకూడదని నీకే తెలుస్తుంది.

దీనికి నేను వాడేది రఫుల్. రస్ట్ అనే భాషలో కొందరు ఔత్సాహికులు కలిసి రాస్తున్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం అది. డబ్బు అక్కర్లేదు, గడువు లేదు, తెర మీద ముద్ర పడదు. నెట్‌లో పాత వాటిని భద్రపరిచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళు కూడా పాత ఫ్లాష్ బొమ్మలను దీనితోనే చూపిస్తున్నారు. రఫుల్ డాట్ ఆర్‌ఎస్ అనే వాళ్ళ సొంత చిరునామా నుంచే తీసుకో. బ్రౌజర్‌కు తగిలించుకునేది ఒకటి, కంప్యూటర్‌లో విడిగా నడిచేది ఒకటి ఉంటాయి. నీకు కావలసింది రెండోది. మండల కేంద్రంలో నెట్ ఉన్నచోట దింపుకొని పెన్‌డ్రైవ్‌లో వేసుకో. జిప్‌గా వస్తే విప్పి ఒక ఫోల్డర్‌లో ఉంచుకో. తర్వాత రఫుల్ తెరిచి, అందులోంచి నీ ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను ఎంచుకుంటే చాలు. విండోస్‌కూ, లినక్స్‌కూ, మ్యాక్‌కూ వేరువేరుగా ఉంటాయి, బడి కంప్యూటర్‌లో ఏది ఉందో ముందే చూసుకొని వెళ్ళు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు, నేనూ చేశాను. సీడీలోంచి ఒక్క ఫైలును మాత్రమే తెచ్చుకుంటారు. ఆ ఫైలు తెరుచుకుంటుంది, పేరు కనిపిస్తుంది, మొదలుపెట్టు అన్న బటన్ నొక్కితే తెర ఖాళీగా ఉండిపోతుంది. ఎందుకంటే ఆ పాఠం పక్కనున్న ఫైళ్ళను పిలుచుకుంటుంది. బొమ్మలు ఒక చోట, గొంతు ఒక చోట, ప్రశ్నలు ఇంకో చోట ఉంటాయి. కాబట్టి ఫోల్డర్ మొత్తాన్ని, లోపలి పేర్లు మార్చకుండా, ఉన్నదున్నట్టు కాపీ చెయ్యి. పక్క ఫైళ్ళను చూడనివ్వమంటావా అని రఫుల్ అడిగితే, సీడీ నమ్మకమైనదైతే సరే అను.

రఫుల్ అన్నిటినీ నడపలేదు. పాత పద్ధతిలో రాసినవి బాగా నడుస్తాయి, ఫ్లాష్‌లో తర్వాత వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 3 అనే భాషతో రాసినవి కొన్ని ఇంకా ఇబ్బంది పెడతాయి. మరీ పాత కంప్యూటర్ అయితే రఫుల్ అసలు తెరుచుకోకపోవచ్చు, అప్పుడు ఇంకో కంప్యూటర్‌లో చూడు. ఎఫ్‌ఎల్‌ఏ అని ఉన్న ఫైళ్ళతో కుస్తీ పట్టకు, అవి బొమ్మ తయారుచేసిన వాళ్ళ పని ఫైళ్ళు, చూడడానికి కావు.

ఇక ఎం, జెడ్ సంగతి. కొన్ని సీడీల్లో పాఠాన్నీ, ప్లేయర్‌నూ కలిపి ఒకే ప్రోగ్రాంగా ఇచ్చేవారు. అలాంటివి చాలావరకు ఇప్పటికీ వేరే సాఫ్ట్‌వేర్ లేకుండానే విండోస్‌లో నడుస్తాయి. కానీ సీడీ ఎక్కడిదో తెలియకపోతే యాంటీవైరస్‌తో చూడకుండా నొక్కకు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చాలా ఏళ్ళ కిందట, అర్ధ సంవత్సరం పరీక్షల ముందు, నేనూ నీలాగే ఉచిత ప్లేయర్ కోసం వెతికాను. ఒక నెట్ సెంటర్‌లో కూర్చుని, మొదట కనిపించిన చోట పచ్చ బటన్ నొక్కి దింపుకున్నాను. ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ పెడితే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి. ఏది తెరిచినా లోపల ఏమీ కనిపించదు. ఎనిమిది, తొమ్మిది తరగతుల ప్రశ్నపత్రాలు అందులోనే ఉన్నాయి. రాత్రంతా కూర్చుని మళ్ళీ రాశాను, మీ పెద్దమ్మ పక్కన కూర్చుని చదివి పెట్టింది. అప్పటినుంచి తయారుచేసిన వాళ్ళ సొంత చిరునామా నుంచి తప్ప ఇంకెక్కడినుంచీ నేను ఏదీ దింపుకోలేదు.

మిగిలిన రకాలకు ఇంత శ్రమ లేదు. జిఫ్ బొమ్మను బ్రౌజర్‌లోకి లాగి వదిలితే నెట్ లేకపోయినా కదులుతుంది. ఎఫ్‌ఎల్‌వీ, ఎంపీ4, ఏవీఐ, పాత వీసీడీల్లో ఉండే డాట్ ఫైళ్ళు, వీటన్నిటికీ వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్ ఒక్కటి చాలు. పారిస్‌లో విద్యార్థులు మొదలుపెట్టిన పని అది, వీడియోలాన్ డాట్ ఆర్గ్‌లో దొరుకుతుంది. ఎస్‌డబ్ల్యూఎఫ్‌ను మాత్రం వీఎల్‌సీ తెరవలేదు, అందులో ప్రయత్నించి సమయం పోగొట్టుకోకు. బ్లెండ్ అని ఉంటే త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ కావాలి, అదీ ఉచితమే కానీ మంచి కంప్యూటర్ ఉండాలి.

ఏ ఫైలూ లొంగకపోతే, అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళు సైన్సుకూ, లెక్కలకూ చేసిన ఫెట్ అనే కదిలే బొమ్మల పాఠాలు తెచ్చుకో. 2002లో మొదలైన పని అది. కొత్తవన్నీ బ్రౌజర్‌లోనే నడుస్తాయి, ఒకసారి దింపుకుంటే నెట్ అక్కర్లేదు, తెలుగులోకి మార్చినవి కూడా ఉన్నాయి.

అన్నీ సర్దుకున్నాక ఇంట్లోనే ఒకసారి నెట్ ఆపేసి, కంప్యూటర్‌ను మూసి మళ్ళీ తెరిచి, ప్రతి పాఠాన్నీ చివరిదాకా నడిపి చూడు. నెట్ ఉండగా బాగా నడిచింది తరగతిలో తెల్ల తెర చూపిస్తే, నలభై మంది పిల్లల ముందు నీ గొంతు ఎండిపోతుంది. సీడీ మీద దుమ్ముంటే మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడు, గుండ్రంగా రుద్దకు.

నువ్వు చెప్పిన పేర్లలో ఒకటి విని నా గుండె ఝల్లుమంది. నీళ్ళు అని నీలి సిరాతో రాసి ఉన్న సీడీ నేను చేసిందే. మీ మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగి నడుం వంగిపోయిన వాళ్ళను చూసి, అప్పట్లో కంప్యూటర్ నేర్పే అబ్బాయితో కలిసి చేశాను. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ రూపొందించిన నల్గొండ విధానం అందులో ఉంది. నీళ్ళలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి తిప్పితే తెల్లటి మెత్తని రేకలు ఏర్పడి, ఫ్లోరైడ్‌ను పట్టుకొని అడుగుకు దిగుతాయి. ఆ రేకలు దిగడాన్ని చూపించడానికే మూడు వారాలు పట్టింది. ఒక్కో రేకను విడిగా గీశాడు ఆ అబ్బాయి. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్ళు వస్తున్నాయి, ఆ బోరు బాధ ఏమిటో నీ తరగతి పిల్లలకు తెలియదు. వాళ్ళకు చూపించు.

అది పాత పద్ధతిలో రాసిందే కాబట్టి రఫుల్‌లో నడవాలి. తెర మీద బిందె పక్కన కర్ర గరిటె ఉంటుంది, దాన్ని నొక్కితే నీళ్ళు సుడి తిరుగుతాయి. గరిటె కదిలి, రేకలు మాత్రం దిగకపోతే రేకలు అన్న ఫైలు ఫోల్డర్‌లో ఉందేమో చూడు. లేకపోతే నా దగ్గర ఇంకో ప్రతి ఉంది, వచ్చే ఆదివారం వచ్చేటప్పుడు ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకో.

ఇట్లు,
పెదనాన్న