మీ ప్రశ్నలకు జవాబులు: మంచినీళ్ళ చెరువు, పరలోక పౌరసత్వం

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఊరి మంచినీళ్ళ చెరువు పక్కన రెండేళ్ళ కిందట రొయ్యల చెరువులు తవ్వారు. అప్పటినుంచి నీళ్ళు ఉప్పబడ్డాయి. పప్పు ఉడకడం లేదు. ఆడవాళ్ళమందరం కలిసి కలెక్టరుగారికి అర్జీ పెడదామనుకున్నాం. సంఘంలో పెద్దలు కొందరు, "మన పౌరస్థితి పరలోకంలో ఉంది, ఈ లోకపు గొడవలు విశ్వాసులకెందుకు?" అంటున్నారు. ఆ చెరువుల యజమానుల్లో ఒకాయన మా సంఘస్థుడే. పోయినేడాది ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిన మా అమ్మ కూడా "ఈ లోకం మనది కాదే" అంటూ ఉండేది. నేను చేస్తున్నది తప్పా? – ఒక సోదరి

జవాబు: తప్పు కాదమ్మా. అర్జీ పెట్టండి. కారణాలు తర్వాత చెబుతాను, ముందు ఈ మాట చెప్పాలి. ఎందుకంటే ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి కాలవలకు నీళ్ళు ఆపేసే రోజులు దగ్గరపడతాయి. ఆలోపు చెరువు శుభ్రపడి, కాలవ నీటితో నిండకపోతే వేసవంతా పిల్లలకు ఆ ఉప్పునీళ్ళే గతి.

పెద్దలు చెప్పింది ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 3:20. వాక్యం సత్యమే. కానీ పౌలు ఆ మాట ఏ ఊరివాళ్ళకు రాశాడో చూడాలి. ఫిలిప్పీ మాసిదోనియలో ఉంది, రోముకు చాలా దూరం. అపొస్తలుల కార్యములు 16:12 దాన్ని రోమీయుల ప్రవాసస్థానం అంటుంది. యుద్ధాలు చేసి వచ్చిన రోమా సైనికులకు అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. రోము పౌరసత్వం వాళ్ళకు పెద్ద గౌరవం. అయినా రోముకు వెళ్ళిపోదామని మూటలు కట్టుకుని కూర్చోలేదు. రోము చట్టం, రోము పద్ధతి ఫిలిప్పీ వీధుల్లో నడిచేలా చూసుకున్నారు. అలాంటి ఊరివాళ్ళతో పౌలు, మన పౌరసత్వం పరలోకంలో ఉంది అన్నాడు. ఆ వచనం అక్కడితో ఆగదు కూడా. అక్కడినుంచి రక్షకుడు వస్తాడని కనిపెట్టుకుని ఉన్నాం అంటుంది. రావడం అటునుంచి ఇటు. ప్రకటన గ్రంథం 21లో యోహాను చూసిన పరిశుద్ధ పట్టణం కూడా దేవుని దగ్గరనుంచి కిందికి దిగి వస్తుంది. "ఇదిగో దేవుని నివాసము మనుష్యులతో కూడ ఉన్నది" అని అప్పుడు వినబడుతుంది.

నేను ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలవలూ తూములూ చూసుకునేవాడిగా, చేరి 34 ఏళ్ళు పనిచేశాను. మా నాన్నా లస్కరే. అందుకని నాకు ఏ సంగతైనా కాలవ భాషలో అయితే తొందరగా ఎక్కుతుంది. గోదారి నీళ్ళు కావాలని ఎవరూ పెళ్ళాంపిల్లలతో ధవళేశ్వరం వెళ్ళి కాపురం పెట్టరు. అక్కడ ఆనకట్ట తలుపులు ఎత్తితే నీళ్ళే దిగి, పెద్ద కాలవలోంచి పిల్లకాలవలోకి, పిల్లకాలవలోంచి బోదెలోకి పడి మన మడిదాకా వస్తాయి. తూము దగ్గర పేరుకున్న గుర్రపుడెక్క తీసి దారి ఇవ్వడం మన పని. నీళ్ళు పుట్టించడం మన చేతిలో లేదు. అడ్డం పడకుండా ఉండడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఇరవై ఏళ్ళ పైమాట. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీళ్ళు తక్కువై వంతులు పెట్టారు. ఆ రాత్రి వంతు శివారు పొలాలది. అక్కడ చేసేవాళ్ళందరూ కౌలు రైతులు. ఎగువన పదెకరాలున్న ఒకాయన, మా సంఘ పెద్దే, చీకటిపడ్డాక వచ్చి "ఈ పూటకి మా తూము దించకు తమ్ముడూ" అన్నాడు. దించలేదు. డబ్బు తీసుకోలేదు, మొహమాటపడ్డాను. మూడు రాత్రులు అలాగే జరిగింది. తర్వాత శివారుకు వెళ్తే చేను నెర్రెలిచ్చి ఉంది. గట్టు మీద కూర్చున్న ఒక ముసలాయన నన్ను తిడతాడనుకున్నాను. "రాలేదు బాబూ" అన్నాడు, అంతే.

ఆ ఆదివారం గుళ్ళో అందరితోపాటు ప్రభువు నేర్పిన ప్రార్థన చెబుతున్నాను. "నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును నెరవేరును గాక" అన్నచోట నా గొంతు పెగల్లేదు. సండే స్కూల్లో నేర్చుకున్న దగ్గరనుంచి ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటాను! భూమియందు అంటే నా తూము దగ్గర కూడా అని ఆ రోజే తెలిసింది. సాయంత్రం ఆ ముసలాయన ఇంటికి వెళ్ళి జరిగింది చెప్పి క్షమించమన్నాను. నష్టంలో కొంత నా జీతంలోంచి ఇచ్చాను. కొంతే. ఆ ఏడు ఆయనకు పడిన అప్పు నేను పూర్తిగా తీర్చలేకపోయాను.

యెషయా 65 తీసి చదవండమ్మా. కొత్త ఆకాశం, కొత్త భూమి సృజిస్తానని దేవుడు అక్కడ చెబుతాడు. వెంటనే ఏం చెబుతాడో చూడండి. కొద్దిరోజులే బతికి పోయే పసిబిడ్డలు ఇక ఉండరు. ఒకరు కట్టుకున్న ఇంట్లో వేరొకరు కాపురం ఉండరు, ఒకరు నాటుకున్నది వేరొకరు తినరు. బంగారు వీధుల కంటే ముందు దేవునికి గుర్తొచ్చినవి పసిబిడ్డ ప్రాణం, కూలివాడి ఇల్లు, కౌలు రైతు పంట. మంచినీళ్ళు చెడితే మొదట పడిపోయేది పసిబిడ్డలే కదా. మీ అర్జీ ఈ అధ్యాయంలోదే.

మన ప్రాంతానికి సువార్త తెచ్చినవాళ్ళను కూడా తలుచుకోండి. బౌడెన్, బీర్ దంపతులు 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి పాలకొల్లు, నరసాపురాల్లో స్థిరపడ్డారు. ప్రభువు రాకడ కోసం అంతగా ఎదురుచూసిన వాళ్ళు తక్కువ. అయినా ఇక్కడి భాష నేర్చుకుని, ఇక్కడి ఎండలో, ఇక్కడి జ్వరాల మధ్య బతికారు. ధవళేశ్వరం ఆనకట్టను 1847 నుంచి 1852 దాకా కట్టించిన కాటన్ దొర భక్తిగల క్రైస్తవుడు. 1830లలో ఈ జిల్లాలు కరువుతో, తుఫానుతో చితికిపోయాయి. పరలోకంలో అన్నీ దొరుకుతాయిలే అని ఆయన ఊరుకుని ఉంటే మనం ఈ రోజు సార్వా, దాళ్వా అని రెండు పంటల మాట అనుకునేవాళ్ళమా? హిందూ రైతులు కూడా ఆయన విగ్రహానికి దండ వేస్తున్నారంటే కారణం ఆయన ప్రసంగాలు కావు.

ఇక మీ సంఘస్థుడి సంగతి. మత్తయి 18:15 ప్రకారం ముందు ఆయన దగ్గరికి ఒంటరిగా వెళ్ళండి, లేదా మీ ఆయన్ని తోడు తీసుకెళ్ళండి. నలుగురిలో నిలదీయకండి. ఆయనా అప్పు తెచ్చి తవ్వి ఉంటాడు. రొయ్యలకు వైరస్ తగిలితే పెట్టుబడంతా పోతుందన్న టెన్షన్ ఆయనకూ ఉంటుంది. రొయ్యల చెరువు నీళ్ళు మురుగు కాలవలోకి పోయేలా దారి మార్చగలరా, గట్టు పక్కన ఊటను పట్టుకునే కందకం తవ్వించగలరా అని అడగండి. వింటే దేవునికి స్తోత్రం. వినకపోతే ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్ళండి, ఆ తర్వాత సంఘానికి చెప్పండి. అయితే ఇదంతా జరిగేదాకా అర్జీ ఆపకండి. ఆ చెరువు నీళ్ళు తాగేవాళ్ళలో మన సంఘం కానివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పిల్లల దాహం మన సంఘం మర్యాద కోసం ఆగదు.

అర్జీకి ముందు గ్రామీణ నీటి సరఫరా విభాగం లాబ్‌లో నీళ్ళు పరీక్ష చేయించండి. నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీటివసతి లేనిచోట 2000 దాకా ఒప్పుకుంటారు. ఆ కాగితం అర్జీకి జతచేసి సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి. కాగితం లేని మాట ఆఫీసులో నిలబడదు, ఇది 34 ఏళ్ళు ఆఫీసు చూసినవాడి మాట.

మీ అమ్మగారి మాట మిగిలింది. మా అమ్మ కూడా అదే అనేది. పగలంతా లేసు అల్లేది. ఏజెంటు చేతిలో పెట్టే డబ్బులు దారానికే సరిపోయినట్టు ఉండేవి. అన్నానికి ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి డబ్బాలో వేసేది, మాకు చాలకపోయినా సరే. ఆదివారం ఆ డబ్బా గుడికి వెళ్ళేది, అక్కడినుంచి మాకంటే లేనివాళ్ళకు వెళ్ళేది. "ఈ లోకం మనది కాదురా" అంటూనే వేసేది. సెంటు భూమి లేని మనిషి, వీధిలో పేరు పెట్టి పిలిపించుకోని మనిషి, నాకు ఇంతకంటే మంచి ఊరు ఉంది అని తలెత్తుకుని చెప్పుకున్న మాట అది. మీ అమ్మగారు కూడా అలాగే అని ఉంటారు. ఆ మాటను ఇప్పుడు మీ నోరు మూయించడానికి ఎవరైనా వాడితే, అమ్మ అలా అనలేదని చెప్పండి.

ప్రశ్న: మాది అంతర్వేది వైపు. నేను పదో తరగతి చదువుతున్నాను. మా నాన్న బోటు మీద వేటకు వెళ్తాడు. ప్రకటన 21:1లో "సముద్రమును ఇకను లేదు" అని ఉంది. సముద్రం లేకపోతే అక్కడ మా నాన్న ఏం చేస్తాడు? – ఒక విద్యార్థి

జవాబు: బాబూ, ఈ ప్రశ్న నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది.

ఆ మాట రాసిన యోహాను అప్పుడు పత్మాసు అనే ద్వీపంలో ఉన్నాడు. తనవాళ్ళు ఉన్న సంఘాలకూ తనకూ మధ్య సముద్రం. అదే గ్రంథం 13లో క్రూరమృగం పైకి వచ్చేదీ సముద్రంలోంచే. అతనికి సముద్రం అంటే విడదీసేది, మింగేది. మనవాళ్ళకూ ఆ సముద్రం తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి నువ్వు పుట్టలేదు. ఆ రాత్రి కోనసీమలో కొబ్బరిచెట్లు మొదళ్ళతో సహా లేచిపోయాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకు వెళ్ళిన ఎందరో తిరిగిరాలేదు. వాళ్ళ కోసం ఒడ్డున నిలబడి చూసిన ఆడవాళ్ళకు "సముద్రం ఇక లేదు" అని చదివి వినిపిస్తే, అక్కడ వేట ఎలా అని అడగరు, ఏడుస్తారు.

నీళ్ళు ఉండవని నేను అనుకోను. తర్వాతి అధ్యాయంలోనే జీవజలాల నది పారుతుంది. దాని ఒడ్డున ఉన్న చెట్టు ఆకులు జనాలను స్వస్థపరుస్తాయి. లేచిన యేసు శిష్యులను కలిసింది ఎక్కడో యోహాను సువార్త 21లో చూడు. రాత్రంతా వలవేసి ఏమీ పడక, అలసిపోయి వస్తున్న జాలరుల దగ్గరికి వచ్చాడు. ఆయన మాటమీద వల వేస్తే 153 చేపలు పడ్డాయి. ఒడ్డున ఆయనే నిప్పులు చేసి, చేపలు కాల్చి, రండి భోంచేయండి అని పిలిచాడు. మరణాన్ని జయించిన శరీరంతో ఆయన చేసిన పని పొద్దున్నే జాలరులకు తిండి పెట్టడం. మీ నాన్న పని దేవునికి చిన్నది కాదు. నాన్నకు ఇది చదివి వినిపించు. తుఫాను హెచ్చరిక ఉన్న రోజు ఎంత అప్పున్నా బోటు తీయనివ్వకు.

ప్రశ్న: అయ్యగారూ, నేను భీమవరం దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో పనికి వెళ్తాను. తెల్లవారుజామునే వ్యాను వస్తుంది. ఆదివారం సెలవివ్వరు, మానేస్తే మర్నాడు పనిలోకి రానివ్వరు. గుడికి వెళ్ళి ఏడాది దాటింది. నాకు పరలోకం ఉంటుందా? – ఒక అక్క

జవాబు: ఉంటుంది తల్లీ. సిలువమీద ఆ దొంగ ఏ గుడికీ వెళ్ళలేదు. "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు. మీరు ఈ దిగులు మోయొద్దు.

దిగులు పడాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. విశ్రాంతి దినం ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము 5:14లో ఎవరితో చెప్పారో చూడండి. పని చేయించుకునేవాడితో చెప్పారు. నీ దాసుడూ నీ దాసీ నీలాగే విశ్రమించాలి అన్నారు. ఐగుప్తులో నువ్వూ దాసుడిగా ఉన్నావు, మరిచిపోకు అని తర్వాతి వచనం. కాబట్టి ఆ ఆజ్ఞ మీరినది మీరు కాదు. కోతవాళ్ళకు ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొర్రపెడుతుందని, ఆ కేకలు దేవుని చెవుల్లో పడ్డాయని యాకోబు 5:4. ఈ పత్రిక చదివే క్రైస్తవ యజమానులు ఈ రెండు వచనాలూ తమ షెడ్డు గేటు దగ్గర నిలబడి చదువుకోవాలని మనస్ఫూర్తిగా కోరుతున్నాను. వారానికి ఒక రోజు సెలవు దేశ చట్టంలో కూడా ఉంది.

మీ సంఘం గురించి ఒక మాట. ఆదివారం రాలేని ఆడవాళ్ళు మీ ఒక్కరే అయి ఉండరు. మీ వీధిలోనే ఎవరింటి అరుగు మీదైనా బుధవారం రాత్రి కూడిక పెట్టి, ప్రభు భోజనం అక్కడికే తెమ్మని మీ పాస్టరుగారిని అడగండి. అడగడానికి మొహమాటంగా ఉంటే ఈ పేజీ చింపి ఆయన చేతికివ్వండి.