అక్క కొడుకు బైకు దొంగతనంలో దొరికాడు, జువైనల్ హోమ్‌కు పంపకుండా ఆపొచ్చా?

ఆపొచ్చమ్మా. కడపలో ఉన్న మీ అక్క కొడుకు, పదహారేళ్ల వాడు, స్నేహితులతో కలిసి బైకు ఎత్తుకెళ్లాడని పట్టుకున్నారనీ, రేపు పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ముందు పెడతారనీ, ఇంట్లో పెద్దవాళ్లేమో "నాలుగు నెలలు హోమ్‌లో ఉంటే బుద్ధొస్తుంది" అంటున్నారనీ రాశారు. దయచేసి ఆ మాట వినొద్దు. నేను అనంతపురం జిల్లాలో హైస్కూల్ టీచర్ని. నా పదో తరగతి పిల్లాడొకడు సెల్‌ఫోన్ దొంగతనంలో ఇరుక్కుంటే వాళ్లమ్మ వెంట నేనూ తిరిగాను.

2015 బాల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లను లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లోపు ఈ బోర్డు ముందు హాజరుపరచాలి. బెయిల్ ఇవ్వడమే మామూలు పద్ధతి. బయటికొస్తే మళ్లీ పాత నేరస్తుల చేతిలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, విచారణ దెబ్బతింటుందనో అనిపిస్తేనే కాదంటారు. అంటే ఇంటికి పంపితే వీణ్ణి ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు మీ దగ్గర గట్టి జవాబుండాలి.

మా పిల్లాడి తండ్రి బెంగళూరులో కూలిపని, తల్లి పొద్దున పోతే చీకటి పడ్డాకే వచ్చేది. వీడు బడి మానేసి రోడ్డున పడ్డాడు. ఇంటి పరిస్థితులు కనుక్కుని బోర్డుకు రిపోర్టిచ్చే ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చి నులకమంచం మీద కూర్చుని, సాయంత్రాలు ఎవరితో తిరుగుతాడు, బడెందుకు మానేశాడు అని నిదానంగా అడిగింది. తల్లికి భయంతో నోరు పెగల్లేదు. మేనమామే ముందుకొచ్చి, రాత్రిళ్లు మా ఇంట్లో పడుకుంటాడు, పూచీ నాది అన్నాడు. బళ్లో మళ్లీ కూర్చోబెట్టుకుంటామని మేం లెటర్ ఇచ్చాం. ఇవన్నీ ఆమె రిపోర్టులోకెక్కాయి.

బోర్డంటే మీరు సినిమాల్లో చూసే కోర్టు కాదు. ఎత్తైన వేదిక ఉండదు, బోను ఉండదు. మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. మావాణ్ణి ముందు లెక్కల్లో ఎన్ని మార్కులొస్తాయని అడిగారు. చివరికి కౌన్సెలింగ్, ప్రొబేషన్ ఆఫీసర్ పర్యవేక్షణ, కొన్నాళ్లు సమాజసేవ అని ఆర్డరిచ్చి తల్లికి అప్పజెప్పారు. ప్రభుత్వాసుపత్రిలో ముసలివాళ్లకు ఓపీ చీటీ రాయించి, ఏ గదికి పోవాలో దగ్గరుండి చూపించే పని వాడిది. అది వాడు ఇష్టంగా చేశాడు. వాడిలో మార్పు నాకు కనిపించింది అక్కడే. హోమ్‌కు పోయి ఉంటే చదువూ పోయేది, కొత్త సావాసాలూ అంటుకునేవి.

వీధిలో వాళ్లు "దొంగోడు" అనడం మాన్పించడమే అన్నిటికన్నా కష్టమైంది. వాడి పేరు, ఫొటో బయటపెట్టడం నేరమని వాట్సాప్ గ్రూపులో గట్టిగా చెప్పండి.

మామూలు దొంగతనం ఈ చట్టంలో చిన్న నేరం కిందికే వస్తుంది. విచారణ 4 నెలల్లో తేలాలి, మహా అయితే ఇంకో 2 నెలలు పొడిగిస్తారు, అప్పటికీ తేలకపోతే కేసు మూసేస్తారు. ఈ కేసు వల్ల వాడి ఉద్యోగాలకు అనర్హత రాదు కాబట్టి మీ అక్క ఆ టెన్షన్ పెట్టుకోనక్కర్లేదు. లాయరుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. రేపు పోయేటప్పుడు స్కూల్ ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ తీసుకెళ్లండి, వయసుకు ముందు చూసేది అదే. తల్లితో పాటు బాధ్యత తీసుకునే ఇంకో పెద్దమనిషిని కూడా వెంటబెట్టుకు వెళ్లండి.